ఇంటి కాయితాల కట్ట విప్పే ముందు: సిక్కోలు, విజయనగరం ఇళ్లలో ఉత్తరాలు, డైరీలు, ఫొటోలు భద్రపరిచే పని – నా అనుభవం

విజయనగరంలో గురజాడ అప్పారావు గారి ఇల్లుంది. ఆయన డైరీలూ లేఖలూ ఎప్పుడో అచ్చయ్యాయి. శ్రీకాకుళంలో కారా మాస్టారు (కథకులు కాళీపట్నం రామారావు) 1997లో నెలకొల్పిన కథానిలయం ఉంది. పాత పత్రికలో పడ్డ కథ కావాలంటే ముందు అక్కడే అడుగుతాం. మరి అవే ఊళ్లలో బియ్యం కొట్టు నడిపినాయన చిట్టా, రంగూన్ వెళ్లిన కూలీ ఎవరిచేతో రాయించి పంపిన కార్డు, జూటు మిల్లులో పనిచేసినాయన పెళ్లి ఫొటో ఎక్కడికి చేరాలి? ఇల్లు పడగొట్టి డాబా కట్టే రోజున పాత పేపర్లవాడి తక్కెట్లోకి చేరుతున్నాయి. ఇటలీలో పియెవె శాంతో స్తెఫానో అనే చిన్న ఊళ్లో 1984 నుంచి మామూలు మనుషుల డైరీలకనే ఒక భాండాగారం నడుస్తోంది. ఒక రైతు ఇల్లాలు దుప్పటి మీద రాసుకున్న జీవితకథ కూడా అందులో ఉంది. లండన్లో ఇలాంటి డైరీల సేకరణ 2007లో మొదలైంది. మన దేశంలో కుటుంబ ఫొటోలనూ వాటి వెనక కథలనూ ఇండియన్ మెమరీ ప్రాజెక్టు 2010 నుంచి ఇంటర్నెట్లో పెడుతోంది. ఇళ్లకు వెళ్లి ఈ పని చేసే మాకు భవనం లేదు. కాయితం ఇంటివాళ్లదే, ఇంట్లోనే ఉంటుంది. శుభ్రం చేసి, వరస పెట్టి, నకలు తీసి, తిరిగి వాళ్ల చేతికే ఇస్తాం. ఆ పని ఎలా చేస్తామో, ఎక్కడ చెడుతుందో రాస్తున్నాను.

ముందు ఇవి దొరికే చోటు సంగతి. "మీ ఇంట్లో పాత ఉత్తరాలున్నాయా" అని అడిగితే "అవెక్కడివి బాబూ, ఎప్పుడో పారేశాం" అన్న జవాబే వస్తుంది. పొలం దస్తావేజులు ఎక్కడ దాచారని అడగాలి. దస్తావేజులున్న రేకు పెట్టెలోనే, వాటి అడుగున, ఉత్తరాలుంటాయి. పాత పంచాంగాల మధ్య, అటక మీద ఇత్తడి సామాను కట్టిన గోనెలో, దేవుడి గూటి వెనక కూడా చూడాలి. డైరీలూ అంతే. మన ఇళ్లలో మనసులో మాట రాసుకున్న డైరీ అరుదు. ఉండేవి పద్దులు: ఆకుమడికి ఎన్ని కుంచాలు, కలుపుకి ఎందరు, ఆవు ఎప్పుడు ఈనింది, అల్లుడికి పండక్కి ఏం పెట్టారు. ఎల్ఐసీ వాళ్లో ఎరువుల కంపెనీవాళ్లో ఉచితంగా ఇచ్చిన డైరీల్లో ఇవి రాసుంటాయి. అట్ట మీదున్న సంవత్సరాన్ని మాత్రం నమ్మకూడదు. మిగిలిపోయిన పాత డైరీలో నాలుగేళ్ల తర్వాత రాయడం మామూలే. రాసిన మనిషి ఎక్కడో "ఆదివారం", "అమావాస్య" అని వేసుంటాడు. అచ్చులో ఉన్న వారంతో అది కలవకపోతే అట్ట మీది సంవత్సరం వేరు, రాసిన సంవత్సరం వేరు అని తేలిపోతుంది. చదివింపుల పుస్తకం దొరికితే మాత్రం వదలొద్దు. పెళ్లికొచ్చినవాళ్ల పేరు, ఊరు, ఇచ్చిన సొమ్ము ఒకే చోట ఉంటాయి. తర్వాత ఉత్తరాల్లో తగిలే మనుషుల్ని గుర్తుపట్టడానికి అంతకు మించిన పట్టిక ఉండదు.

పెట్టె కనపడగానే విప్పాలనిపిస్తుంది. ఆగాలి. నేర్పేవాళ్లందరూ చెప్పే మొదటి మాట, ఆచరణలో అందరూ దాటేసే మాట ఇదే: దొరికిన వరస చెడగొట్టొద్దు. మూత తీసి పైనుంచి ఒక ఫొటో, ఒక్కో పొర తీస్తూ ఒక్కో ఫొటో. ఏ కట్ట ఏ గుడ్డలో ఉంది, ఏ తాడుతో కట్టారు, ఏ కవరులో ఎవరి ఉత్తరం దూర్చి ఉంది, అన్నీ నోటుపుస్తకంలో ఎక్కాలి. ఒక ఉత్తరం ఒంటరిగా చెప్పేది తక్కువ, దాని పక్కనున్నది చెప్పేది ఎక్కువ. ప్రాంసరీ నోటు, దాని మడతలో మనియార్డరు కూపను, దాని వెంట "ఈ మారు తక్కువ పంపితిని" అన్న కార్డు కలిసి ఉంటే అది ఒక అప్పు తీరిన కథ. ఉత్తరాలొక చోట, రసీదులొక చోట, ఫొటోలొక చోట సర్దేస్తే ఆ కథ మళ్లీ ఎవరికీ దొరకదు. సాయం చేద్దామని వచ్చిన కుర్రాళ్లు ఒక్క మధ్యాహ్నంలో చేసే నష్టం చెదపురుగు పదేళ్లలో కూడా చేయదు.

ఈ వరస బాగా నిలిచేది ఉత్తరాల తీగలో. బారెడు ఇనప తీగ, అడుగున గుండ్రటి చెక్క బిళ్ల, పైన కొక్కెం. వచ్చిన ఉత్తరాన్ని వచ్చినట్టే గుచ్చి వాసానికి తగిలించేవారు. అడుగున ఉన్నది పాతది, పైనున్నది కొత్తది, ఇంతకన్నా కచ్చితమైన కాలక్రమం ఏ లైబ్రరీలోనూ ఉండదు. దీన్ని విడదీయడం ఓపిక పని. తెల్లగుడ్డ పరిచి తీగను పక్కకు పడుకోబెట్టి, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయాలి. ఉత్తరాల్ని కొక్కెం మీదుగా లాగొద్దు, తుప్పు పెచ్చులకు పట్టుకుని చిల్లు చిరుగై పోతుంది. కొక్కేన్ని కటింగ్ ప్లేయరుతో కత్తిరించి, తుంచిన మొన మీద సన్నటి ప్లాస్టిక్ గొట్టం ముక్క తొడిగితే ఉత్తరం జారుతుంది. రెండు అరచేతులూ చిల్లుకు అటూ ఇటూ ఆనించి తీయాలి. తీసినదాని మీద తర్వాతది పెట్టుకుంటూ పోతే చివరికి అన్నిటికన్నా పాతది పైకొస్తుంది, అంకెలు అక్కణ్నుంచే వేసుకోవచ్చు. మధ్యలో నాలుగైదు కాయితాలు తుప్పుతో అంటుకుపోయి ఉంటాయి. అక్కడ కొబ్బరినూనె, కిరసనాయిలు లాంటివి వేయకూడదు. తుప్పు వదలదు, మరక మాత్రం కట్టంతా పాకుతుంది. ఆ దొంతరకు పైనా కిందా తీగను తుంచి, ముక్కతో సహా పక్కన పెట్టి, ఒక్కో కాయితాన్నీ సన్నటి వెదురు బద్దతో విడదీయాలి. విడవకపోతే విడవకుండానే ఉంచాలి. చిల్లు దగ్గర పోయిన అక్షరాల్ని ఊహించి పూరించకుండా, ఎత్తి రాసేటప్పుడు "తుప్పు, రెండక్షరాలు" అని రాస్తాం.

తీగలో కనపడనివి కూడా చూడాలి. చావు కబురు తెచ్చిన కార్డును చదివి చింపేసేవారు, ఇంట్లో ఉంచేవారు కాదు. శుభలేఖల్ని మాత్రం దాచేవారు. అందువల్ల ఏ ఇంటి కట్ట చూసినా పెళ్లిళ్లే ఎక్కువ, చావులు తక్కువ. ఆ లోటును పై చిరునామా పూరిస్తుంది. అదే మనిషికి రాసిన కార్డుల్లో "చి.ల.సౌ." అన్నది ఒక తేదీ నుంచి "గం.భా.స." అయిందంటే ఆ రెంటికీ మధ్య ఆమె భర్త పోయాడు. పేరుకు ముందున్న ఆ రెండు మూడక్షరాల్ని ఎత్తి రాసేటప్పుడు మర్యాదకేలే అని వదిలేసేవాళ్లు చాలామంది. వదలకూడదు.

శుభలేఖ మూలలకు రాసిన పసుపు పక్క కాయితానికి అంటుతుంది. దాన్ని తుడిచే ప్రయత్నం వద్దు, మధ్యలో ఒక తెల్ల కాయితం పెడితే చాలు. వెలుతురు తగిలితే పసుపు తనంతట తానే వెలిసిపోతుంది, కాబట్టి రంగు ఉండగానే స్కాను తీయాలి.

ఇక శుభ్రం. ఎండలో కాదు, గాలి ఆడే నీడలో. ముక్కుకు ఎన్95 మాస్కు, చేతికి పొడి గుడ్డ. మెత్తటి వెడల్పు కుంచెతో మధ్య నుంచి అంచులకు దులపాలి. తడిగుడ్డ పనికిరాదు. బూజు ఉంటే దాన్ని ముందు పూర్తిగా ఆరనివ్వాలి, తడిగా ఉండగా రుద్దితే కాయితం నారలోకి దిగిపోతుంది. పురుగు బతికి ఉందో లేదో తెలుసుకోవడం తేలిక: కట్టను తెల్ల కాయితం మీద రెండు రోజులుంచితే కొత్త పొడి రాలుతుంది. రాలితే పాలిథిన్ సంచిలో పెట్టి, గాలి తీసి, మూతి టేపుతో బిగించి, మైనస్ 20 డిగ్రీల దాకా పోయే డీప్ ఫ్రీజర్లో రెండు వారాలుంచాలి. ఐస్‌క్రీం కొట్టువాడు తెలిసుంటే పని అవుతుంది. ఇంటి ఫ్రిజ్ పై అరకు అంత చలి ఉండదు. బయటికి తీశాక సంచిని ఒక రోజంతా విప్పకూడదు, విప్పితే గాలిలో తేమంతా చల్లటి కాయితం మీద నీళ్లై కూర్చుంటుంది. గాజు ప్లేటు నెగటివులు మాత్రం ఫ్రీజర్లో పెట్టొద్దు. కలరా ఉండలు అందరిళ్లలోనూ వేస్తారు. ఆ ఆవిరి మనుషులకు మంచిది కాదు, కొన్ని ప్లాస్టిక్ కవర్లను మెత్తబరుస్తుంది, చెదను ఆపదు. వేపాకు, వస కొమ్ము మన పెద్దలు తాటాకు పుస్తకాల్లో వాడినవే. వాడితే గుడ్డ మూటలో కట్టి పెట్టె మూలన పెట్టాలి గానీ ఆకును పుటల మధ్య పెడితే మరక మిగులుతుంది.

గుండుసూదులు, క్లిప్పులు, రబ్బరు బ్యాండ్లు అన్నీ తీసేయాలి. రబ్బరు కరిగి కాయితానికి అతుక్కున్న చోట గీకొద్దు. ఫ్రీజర్లో కాసేపు పెడితే పెళుసై పొడిగా రాలుతుంది. సెల్లోటేపు మీద సెల్లోటేపు వేయడం కన్నా చిరుగును చిరుగుగా వదలడం మేలు. కొన్నేళ్లకు ప్లాస్టిక్ ఊడిపోయి జిగురు మాత్రం పసుపుపచ్చ మరకై మిగులుతుంది. అన్నిటికన్నా పెద్ద ఆపద లామినేషన్. జిరాక్సు షాపులో పది నిమిషాల్లో అయిపోతుంది, చూడ్డానికి కొత్తదానిలా మెరుస్తుంది, తాతగారి నియామకపత్రం "భద్రమైపోయింది" అనుకుంటారు. వేడికి కరిగిన జిగురు కాయితంలోకి ఇంకిపోతుంది, మళ్లీ విడదీసే దారి లేదు. లోపల ఆమ్లం ఉన్న కాయితం ఆ ప్లాస్టిక్ మధ్యనే పసుపై పెళుసవుతూ ఉంటుంది. ఏ ఇంటికి వెళ్లినా మేం మొదట చెప్పేది ఇదే, చివర చెప్పేదీ ఇదే.

కాపీయింగ్ పెన్సిలుతో రాసిన కాయితాలు మన దగ్గర చాలా ఉన్నాయి. పొడిగా ఉంటే మామూలు పెన్సిలు రాతలా బూడిదరంగు, ఒక్క చుక్క తడి తగిలితే ఊదారంగై పాకిపోతుంది. మడత పోగొట్టడానికి ఆవిరి పట్టడం అనే పద్ధతి వీటికి ప్రాణాంతకం. బట్టలిస్త్రీ వేటికీ వద్దు. రెండు బ్లాటింగ్ కాయితాల మధ్య పెట్టి పైన బరువైన పుస్తకం ఉంచితే వారంలో చాలా మడతలు లొంగుతాయి. గోధుమరంగుకు తిరిగిన పాత నల్ల సిరా కొన్నిచోట్ల కాయితాన్నే తినేసి అక్షరం ఆకారంలో కన్నం చేస్తుంది. అలాంటి కాయితాన్ని మడవకుండా, ఒక్కోదాన్నీ వేరుగా కవరులో ఉంచాలి.

ఫొటోల దగ్గర అసలు గొడవ గోడ మీది పటాలతో. చిత్తడికి ఫొటో మీది జెలటిన్ పూత మెత్తబడి గాజుకు అంటుకుపోతుంది. పీకితే మొహం గాజు మీదే ఉండిపోతుంది. అంటుకున్నట్టు అనుమానం వస్తే గాజుతో సహా స్కాను తీసి అలాగే వదిలేయాలి. అంటుకోకపోతే వెనక అట్ట విప్పండి, దానికింద సర్దుడుకు పెట్టిన దినపత్రిక ముక్క తరచూ ఉంటుంది. దాని తేదీ పటం కట్టించిన కాలానికి సాక్ష్యం. ఫొటో తీసిన కాలం అంతకు ముందుదే కావచ్చు, కలపకూడదు. స్టూడియో అట్ట మీద ఉబ్బెత్తుగా అచ్చొత్తిన పేరు, ఊరు పెన్సిలు లైటును వాలుగా పట్టి చూస్తే చదవొచ్చు.

నలుపు తెలుపు ఫొటోలో నల్లటి చోట్ల అద్దంలా నీలిమెరుపు కనపడితే అది వెండి పైకి తేలడం. దాన్ని తుడవొద్దు. 1970, 80ల రంగు ఫొటోలు ఎర్రబడతాయి, చీకట్లో దాచినా ఆగదు. అందులో నీలిరంగు ముందు పోతుంది, మిగిలిన ఎరుపే కనపడుతుంది. అందుకే ఒకే ఇంట్లో ముందు స్కాను చేయాల్సినవి ముత్తాత నలుపు తెలుపు ఫొటోలు కావు, అమ్మానాన్నల పెళ్లి రంగు ఆల్బం. ఇది చెబితే ఇంటివాళ్లు ఒప్పుకోరు, కొత్తవే కదా అంటారు. జిగురు పుటల ఆల్బంలో అంటుకున్న ఫొటోల్ని వాసన లేని డెంటల్ ఫ్లాస్ దారాన్ని అడుగునుంచి రంపంలా లాగుతూ విడదీయొచ్చు. నెగటివు పెట్టె తెరవగానే వెనిగర్ వాసన కొడితే ఆ ఫిల్ము కుళ్లుతున్నట్టే. దాన్ని మిగతావాటి నుంచి వెంటనే వేరుచేయాలి, ఆ ఆవిరి పక్కవాటినీ పాడుచేస్తుంది.

ఫొటోలో ఎవరు ఎవరన్నది ముసలివాళ్లు ఉండగానే రాసుకోవాలి. ఫొటోను పెద్దదిగా జిరాక్సు తీసి ఒక్కో తల మీద అంకె వేసి పట్టుకెళ్తాం. "ఇదెవరు మామ్మా" అంటే "మా చిన్నత్త" అంటారు. చిన్నత్త అని రాసుకొస్తే రేపు ఎవరి చిన్నత్తో తెలీదు. అందుకే ఇంటికి ఒక మనిషిని ఇరుసుగా పెట్టుకుని, బంధుత్వాలన్నీ ఆ మనిషి నుంచే రాస్తాం: ఫలానావారి తండ్రి రెండో చెల్లెలు, అత్తవారూరు నరసన్నపేట. చెప్పినదెవరు, ఏ తేదీన అన్నది కూడా రాయాలి. ఇద్దరు రెండు పేర్లు చెబితే రెండూ ఉంచాలి. ఫొటో వెనక రాయాలంటే మెత్తటి పెన్సిలుతో అంచున మాత్రమే. కొత్తరకం ప్లాస్టిక్ పూత ఫొటోల వెనక పెన్సిలు పడదు, బాల్‌పెన్నుతో నొక్కితే మొహం మీద గీత తేలుతుంది. వాటి వివరం కవరు మీద రాయాలి, అదీ ఫొటో లోపల పెట్టకముందే.

తేదీ పట్టడం ఈ పనిలో నాకు ఎక్కువ ఇష్టమైన భాగం. పోస్టుకార్డు మన దేశంలో 1879లో పావు అణాకు మొదలైంది. ఇన్‌లాండ్ కవరు 1950 అక్టోబరు 2న వచ్చింది. తపాలా బిళ్ల మీద అణాలుంటే 1957 ఏప్రిల్‌కు ముందుది, "నయా పైసా" ఉంటే 1957కీ 1964కీ మధ్యది, కానీ పాత బిళ్లలు కొన్నాళ్లు వాడుకలో ఉంటాయి కాబట్టి అంచుల దగ్గర పట్టుబట్టొద్దు. పిన్ కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతది. మన వైపు చిరునామాలే ఒక క్యాలెండరు. టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం పేర్ల కింద గంజాం జిల్లా అని ఉంటే 1936 ఏప్రిల్‌కు ముందు, ఒడిశా వేరుపడకముందు రాసింది. తర్వాత అవి విశాఖపట్నం జిల్లా, 1950 ఆగస్టు 15 నుంచి శ్రీకాకుళం జిల్లా. బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం, చీపురుపల్లి 1979 జూన్ దాకా శ్రీకాకుళం జిల్లాలో ఉండి కొత్త విజయనగరం జిల్లాలోకి వెళ్లాయి. 2022 ఏప్రిల్లో పార్వతీపురం, సాలూరు మన్యం జిల్లా అయ్యాయి. తెల్లవాళ్ల కాలపు ముద్రలో చికాకోల్ అని ఉంటే అది శ్రీకాకుళమే. మనుషులు అలవాటు కొద్దీ పాత జిల్లా పేరే రాస్తూ పోతారు, కాబట్టి చేతిరాత కన్నా పోస్టాఫీసు ముద్రకు విలువ ఎక్కువ.

తెలుగు సంవత్సరాల పేర్లతో వచ్చే చిక్కు వేరు. "వృష" అంటే 1941 ఉగాది నుంచి 1942 ఉగాది దాకా. అరవయ్యేళ్లు వెనక్కి పోతే 1881, ముందుకొస్తే 2001. బిళ్ల మీద ఎవరి తలకాయ ఉందో చూస్తే ఇది తేలిపోతుంది. ఎక్కువమంది తప్పేది పుష్యం, మాఘం, ఫాల్గుణం దగ్గర. చిత్రభాను 1942 అని కంఠస్థం చేసినవాళ్లు చిత్రభాను మాఘాన్ని 1942 కింద రాసేస్తారు, అది 1943 ఫిబ్రవరి ప్రాంతం. పట్టికలో తిథి ఉన్నది ఉన్నట్టు ఒక గడిలో, మనం లెక్కగట్టిన ఇంగ్లీషు తేదీ వేరే గడిలో ఉండాలి. లెక్కగట్టినదాన్ని తిరగదోడొచ్చు, అసలుది పోతే తిరిగి రాదు.

రంగూన్ ఉత్తరాలు మన తీరం ఇళ్లలో తరచూ కనిపిస్తాయి. 1937 ఏప్రిల్ 1న బర్మా వేరు దేశమయ్యేదాకా వాటి మీద ఇండియా బిళ్లలే ఉంటాయి. ఆ రోజు నుంచి అవే బిళ్లల మీద బర్మా అని అదనపు ముద్ర పడింది, మరుసటేడు సొంత బిళ్లలొచ్చాయి. 1941 డిసెంబరు 23న జపాను రంగూన్ మీద బాంబులు వేసింది, 1942 మార్చిలో ఊరు దాని చేతికి పోయింది. తీగలో రంగూన్ కార్డుల వరస వృష నామ సంవత్సరంతో తెగిపోవడానికి కారణం అదే. తెగిన చోట ఖాళీని కూడా పట్టికలో ఒక వరసగా ఎక్కించాలి. సైన్యంలో ఉన్నవాళ్ల ఉత్తరాలకు 56 ఏపీవో, 99 ఏపీవో (సైన్యపు పోస్టాఫీసు) అన్న చిరునామాలే ఉంటాయి. మనిషి ఏ కొండ మీద ఉన్నాడో దాచడానికే ఆ ఏర్పాటు, కాబట్టి ఊరి పేరు కోసం వెతకొద్దు. మనియార్డరు ఫారం కింద తుంచి ఇచ్చిన కూపను ముక్కల్ని రసీదులనుకుని పారేస్తారు. ఖరగ్‌పూర్ నుంచో టిటాగఢ్ నుంచో డబ్బు పంపినవాడు ఇంటికి రాసిన మాట చాలాసార్లు ఆ మూడు వేళ్ల వెడల్పు జాగాలోనే ఉంది.

రాసినదెవరన్నది ఇంకో ముడి. చదువురాని ఇంటి ఉత్తరాన్ని బడిపంతులో పోస్టుమానో రాసిపెట్టేవారు. నాలుగైదు ఇళ్ల కట్టలు పక్కపక్కన పెడితే ఒకే చేతిరాత తేలుతుంది. పంపినవారు ఒకరు, రాసినవారు ఇంకొకరు, రెండు గడులు కావాలి. "ఉభయకుశలోపరి" వరకూ పంతులు భాష, ఆ తర్వాత "గేదె ఈనిందా, గుంటడు బడికెల్తన్నాడా" అని ఇంటి భాష దిగుతుంది. ఎత్తి రాసేటప్పుడు దిద్దకూడదు. అరసున్న, బండి ఱ ఉన్నచోటే ఉండాలి, తప్పు తప్పుగానే ఉండాలి. గొలుసుకట్టు రాత చదవడానికి దారి ఒకటే: అదే చేతి రాతలో తేలిగ్గా తెలిసే మాటల్ని, ఊరి పేరును, సంతకాన్ని ముందు పట్టుకుని ఆ అక్షరాలతో మిగతావి చదువుకోవడం. లెక్కల్లో 3-8-0 అంటే మూడు రూపాయల ఎనిమిది అణాలు, దాన్ని మూడున్నరగా మార్చి రాయొద్దు.

స్కానింగ్ గురించి ఎవరూ చెప్పనంత ఏం లేదు. ఉత్తరాలకు 400 డీపీఐ (అంగుళానికి అన్ని చుక్కలు), ఫొటోలకు 600, గోరంత పాస్‌పోర్టు ఫొటోలకు 1200. రంగులోనే తీయాలి, నలుపు తెలుపు రాతకు కూడా, ఎందుకంటే మరకకూ సిరాకూ తేడా రంగులోనే తెలుస్తుంది. ఆటో కరెక్షన్లన్నీ ఆపేయాలి. రెండు వైపులా తీయాలి, వెనక ఖాళీ అయినా సరే. అసలు ప్రతి టిఫ్ ఫైలుగా, వాట్సాప్‌లో పంపుకోవడానికి జేపెగ్. 14 సెంటీమీటర్ల పొడవు, 9 వెడల్పు ఉన్న కార్డు సైజు ఫొటో 600 డీపీఐలో ఒక్క వైపు 21 ఎంబీ దాకా వస్తుంది, జాగా లెక్క ముందే వేసుకోండి. పల్చటి స్కానర్లు గాజుకు ఆనని చోటును మసకగా తీస్తాయి, ఒంగిన అట్ట ఫొటోలకు లావుపాటి పాతరకం స్కానరే నయం. ఫైలు పేరు ఇంగ్లీషక్షరాల్లో, ఖాళీలు లేకుండా: ఇల్లు, పెట్టె, కట్ట, కాయితం, ముందా వెనకా. పేరులో తేదీ పెట్టొద్దు, తేదీ రేపు మారొచ్చు. మూడు ప్రతులు, రెండు రకాల వస్తువుల మీద, ఒకటి వేరే ఊళ్లో. తుపాను దారిలో బతికేవాళ్లకు ఆ వేరే ఊరు సముద్రానికి దూరంగా ఉండాలి. శ్రీకాకుళంలో ఒకటి, విశాఖలో ఒకటి ఉంచితే ఒకే గాలికి రెండూ పోతాయి.

అసలు కాయితాల్ని ఎక్కడ ఉంచాలంటే, ఇంటి నడిమి గదిలో, లోపలి గోడకు, నేల నుంచి అడుగు ఎత్తులో. వాన కొట్టే గోడకు ఆనించిన బీరువాలోకి చెమ్మ దిగుతుంది. గాలిలో తేమ 65 శాతం దాటి నిలిస్తే బూజు మొదలవుతుంది, మన వైపు వానాకాలమంతా అంతకు మించే ఉంటుంది. ఏసీ పగలు వేసి రాత్రి ఆపే గది మామూలు గది కన్నా చెడ్డది, తేమ ఎక్కి దిగుతూ కాయితాన్ని సాగదీస్తుంది. చిన్న తేమ మీటరు, సిలికా జెల్ సంచులు, అవి రంగు మారినప్పుడు మళ్లీ ఆరబెట్టే శ్రద్ధ ఉంటే చాలు. ప్లాస్టిక్ కవర్లలో పీవీసీ వాడొద్దు. తెలుసుకోవాలంటే ఆరుబయట రాగి తీగను ఎర్రగా కాల్చి కవరుకు తాకించి మళ్లీ మంటలో పెట్టండి, మంట ఆకుపచ్చగా మారితే పీవీసీ. చుట్టడానికి పొందూరు ఖద్దరు అక్కర్లేదు, దాన్ని కట్టుకోండి. కోరాగుడ్డను గంజి పోయేలా ఉతికి ఆరేస్తే సరిపోతుంది, గంజి ఉంటే వెండిపురుగు వస్తుంది.

2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చి పోయాక చాలా ఇళ్లలో పెట్టెలు తడిశాయి. తడిసిన కాయితానికి గడువు రెండు రోజులు, ఆ తర్వాత బూజు. ఎండలో పరిస్తే వంకర్లు తిరిగి సిరా ఎగిరిపోతుంది. నీడలో, ఫ్యాను గాలి తగిలీ తగలకుండా, అచ్చు లేని తెల్ల కాయితాల మధ్య పెట్టి గంటగంటకూ ఆ కాయితాలు మార్చాలి. ఎక్కువ ఉంటే, అన్నీ ఒకేసారి ఆరబెట్టలేకపోతే, తడిగానే సంచుల్లో కట్టి ఫ్రీజరులో పెట్టి తర్వాత కొంచెం కొంచెం తీసి ఆరబెట్టుకోవచ్చు. ఒకదానికొకటి అంటుకున్న తడి ఫొటోల్ని ఆరనివ్వకుండా చల్లటి శుభ్రమైన నీళ్లలో ఉంచితే విడతాయి. ఆరాక మాత్రం విడదీయలేం. కరెంటు వారం రోజులు రాని చోట ఫ్రీజరు మాట పనిచేయదు, అప్పుడు ముందు ఏది కాపాడాలో తెలిసి ఉండాలి: స్కాను కానిది, సిరాతో రాసినది, ఒక్కటే ప్రతి ఉన్నది.

చివరిగా హక్కు, మర్యాద. ఉత్తరం కాయితం అందుకున్నవారిది, అందులో రాసిన మాటల మీద హక్కు రాసినవారిది. ఆ హక్కు మామూలుగా రాసినవారు బతికినంతకాలం, తర్వాత 60 ఏళ్లు. నకలు తీయడానికి ఇంటివాళ్లు ఒప్పుకున్నంత మాత్రాన ఇంటర్నెట్లో పెట్టడానికి ఒప్పుకున్నట్టు కాదు. మా ఒప్పందపత్రం తెలుగులో ఒక్క పేజీ: ఏమేం ఇచ్చారు, ఎన్నాళ్లకు తిరిగిస్తాం, ఎవరు చూడొచ్చు, ఏవి మూసి ఉంచాలి. అన్నదమ్ములు వేరుపడ్డ ఇల్లయితే ఇద్దరి సంతకమూ తీసుకోవాలి. పెట్టె ఉన్న ఇంటివాడు ఒప్పుకుని, లేని ఇంటివాడు గొడవకొస్తే పని అక్కడే ఆగిపోతుంది. కట్టల్లో పొలం తగాదాలుంటాయి, తప్పిపోయిన సంబంధాలుంటాయి, ఎవరి జబ్బో ఉంటుంది, వాళ్ల మనవలు పక్క వీధిలోనే ఉంటారు. అలాంటివి చించమని ఇంటివాళ్లు అడుగుతారు. చించకుండా కవరులో పెట్టి అంటించి, పైన తెరవాల్సిన సంవత్సరం, ఎవరి మాట మీద మూశామో రాసి ఇంటివాళ్లకే ఇస్తాం. పట్టికలో ఆ అంకె ఎదురుగా "మూసినది" అని మాత్రమే ఉంటుంది, సంగతి ఒక్క ముక్క కూడా ఉండదు. స్కాను కూడా తీయం.